చెవిలో చేరిన గాలి

“…నిన్నేనే! పిల్ల గుక్క పట్టి నల్లబడిపోతుంటే పక్కనే పడుకుని వినపడట్లేదా నీకు?” అంటూ మా అమ్మ నా భుజం పట్టుకుని కుదిపేటప్పటికి నేను గోడవైపు తిరిగి, కళ్ళు తెరుచుకునే ఉన్నాను. నిద్రపోవడం లేదు. అదే అసలు సంగతి. నిద్రపోతూ ఉంటే అమ్మ అంత భయపడేది కాదు, నేనూ అంత భయపడేదాన్ని కాదు.

మధ్యాహ్నం రెండు దాటి ఉంటుంది. రేపల్లెలో మా పుట్టింటి వెనక గది. నులక మంచం, మంచం కింద కుంపటి, సాంబ్రాణి పొగ, బిగించి మూసిన కిటికీ. మా నాన్న పాత తువాలు నా తలకి, చెవుల మీదగా, గట్టిగా కట్టి ఉంది. తువాలు కింద రెండు చెవుల్లోనూ దూది. పురుడు వచ్చి అప్పటికి నలభై రోజులు దాటినా బాలింత చెవుల్లోకి గాలి పోకూడదని అమ్మ ఆ దూది తియ్యనిచ్చేది కాదు. పాతబడిపోతే తీసేసి కొత్తది కూరేది.

అమ్మ పిల్లని భుజాన వేసుకుంది. పిల్ల నోరు తెరుచుకుని ఉండటం, అంగిలి ఎర్రగా ఉండటం నాకు కనపడుతూనే ఉంది. ఏడుపు మాత్రం నాలుగిళ్ళ అవతల ఇంకెవరి పిల్లో ఏడుస్తున్నట్టు వస్తోంది. మధ్యలో ఆ మోత.

“కునుకు పట్టిందమ్మా” అన్నాను.

“కళ్ళు తెరుచుకునా?”

పిల్లని తీసుకుని రొమ్ముకి పెట్టుకున్నాను. అమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆగి నన్నే చూస్తోంది.

ఆ మోత సంగతి చెప్పాలి. అది ఒకటి కాదు, రెండు. ఒకటి సన్నగా ‘గుయ్‌య్’ మని, తెంపు లేకుండా, దూరంగా మిల్లు ఆడుతున్నట్టు ఉండేది. అది ఎడమ చెవిలో ఎక్కువ. రెండోది హోరు. పడుకుంటే చాలు మొదలయ్యేది. గుండె కొట్టుకున్నట్టే ఆగి ఆగి, ‘హుష్… హుష్…’ మని, చెవి పక్కన ఎవరో విసనకర్రతో విసురుతున్నట్టు. మెట్లెక్కినా, బిందె ఎత్తినా ఎక్కువయ్యేది. మొదట్లో కిటికీ తలుపు కొట్టుకుంటోందేమో అనుకుని రెండుసార్లు లేచి చూశాను కూడా. పురుడు వచ్చిన పదో రోజున మొదలైంది. అప్పటినుంచీ ఒక్కరికీ చెప్పలేదు.

నేనా! వీధిలో పిల్లి ఈనితే కూడా పది మందికి చెప్పి వచ్చేదాన్ని. అలాంటిదాన్ని నెల రోజులు నోరు మూసుకున్నానంటే దానికి ఒక కారణం ఉంది.

తెనాలిలో మా అత్తగారి వీధిలో ఒకావిడ ఉండేది. పురిట్లో ఉండగా ఏవో చప్పుళ్ళు వినపడుతున్నాయని చెప్పిందట. గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టారు, పొగలు వేశారు. ఆవిడకి నెమ్మదించిందో లేదో ఎవరికీ తెలీదు గానీ, పిల్లని మాత్రం అత్తగారు తీసుకుని మళ్ళీ ఇవ్వలేదు. నేను కాపురానికి వెళ్ళేటప్పటికి ఆ పిల్లకి నాలుగేళ్ళు. కన్నతల్లిని ‘పిన్నీ’ అని పిలిచేది. ఆవిడ కూడా ‘ఏం తల్లీ’ అని పలికేది. అది చూసి ఒకరోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. అందుకని నాకు ఏదో వినపడుతోందని చెప్పడానికి నోరు రాలేదు.

కానీ ఆ మధ్యాహ్నం అమ్మ వదల్లేదు. పిల్ల పాలు తాగి పడుకున్నాక మంచం మీద కూర్చుని, తువాలు విప్పింది.

“నిజం చెప్పు. చెవుడు వచ్చిందా?”

“చెవుడు కాదమ్మా. చెవిలో ఏదో మోగుతోంది. హోరుగా ఉంది. ఎప్పుడూ.”

అమ్మ ఒక్కసారిగా ఊపిరి వదిలింది. ఆమెకి నిజంగా ఊరట. “ఓస్, అంతేనా! చెవిలోకి గాలి చేరింది. నేను చెప్తూనే ఉన్నానా, దూది తియ్యొద్దని!” అని లేచి వెళ్ళి, నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు కాచి, గోరువెచ్చగా రెండు చెవుల్లోనూ పోసి, పైన ఇదివరకటికంటే పెద్ద దూది ఉండలు కూరేసింది.

ఇక చూడండి నా అవస్థ. బయట చప్పుళ్ళు ఇంకా దూరమైపోయాయి, లోపలి చప్పుళ్ళకి నేను ఒక్కదాన్నే మిగిలాను. అమ్మ ‘తగ్గిందా?’ అని అడిగితే పెదవులు చూసి అర్థం చేసుకునేదాన్ని. తగ్గలేదంటే మళ్ళీ నూనె, మళ్ళీ దూది. నాలుగు రోజులు ఇలాగే గడిచింది. నేను పిల్ల వైపు నుంచి చూపు తిప్పడం మానేశాను. వినపడదు కాబట్టి చూస్తూ కూర్చోవాలి కదా. దాని పొట్ట లేస్తోందా, పెదవి వంకర పోతోందా అని అదే పనిగా చూసేదాన్ని. దాంతో ఉన్న కాస్త నిద్రా పోయింది. నిద్ర తగ్గేకొద్దీ మోత పెరిగింది. ఐదో రోజు అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఏడ్చేశాను. వెల్లుల్లి కారం, నెయ్యి, పాత చింతకాయ పచ్చడి, అవే రోజూ. ఏడుపు వాటి గురించి కూడా అనుకోండి.

అప్పుడు అమ్మే అంది, బాపట్లలో మా పెద్దమ్మ వాళ్ళ వీధిలో ఒక డాక్టరమ్మ ఉంది, చెవులు కూడా చూస్తుందట, వెళ్దాం అని. తెనాలిలో డాక్టర్లు లేక కాదు. తెనాలిలో చూపించుకుంటే మా అత్తగారికి సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. కానీ రేపల్లె నుంచి రైల్లో బాపట్ల వెళ్ళాలంటే తెనాలిలోనే బండి మారాలి. ఆ సంగతి నేను గుర్తు చేస్తే, “స్టేషన్లో మనల్ని ఎవరు చూస్తారే? మొహం మీదకి కొంగు లాక్కో” అంది.

చూడటానికి ఒక మనిషి సిద్ధంగానే ఉన్నాడు. మా ఆయన పనిచేసే రైసు మిల్లులో బస్తాలు మోసే ముఠా కూలీ. మా ఇంటికి నూకలు, తవుడు తెచ్చి వేసేవాడు. తెనాలి ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ నిలబడి, తలకి తువాలు కట్టుకుని, చంటిపిల్లని పొదువుకుని వస్తున్న నన్ను చూసి గ్లాసు పడేసినంత పని చేశాడు.

“అమ్మాయిగారూ! మీరేంటండీ? పచ్చి బాలింత, ఎక్కడికండీ ఈ ప్రయాణం?”

నేను కొంగు ఇంకాస్త కిందకి లాక్కున్నాను. అమ్మ కంగారుపడింది. అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి. “ఏం లేదయ్యా. అమ్మాయికి గాలి చేరింది. బాపట్లలో చూపిద్దామని తీసుకెళ్తన్నా. నువ్వు ఇంట్లో చెప్పమాకు, కంగారు పడతారు” అంది.

అతని మొహం మారిపోయింది. నా కళ్ళలోకి చూడబోయి, చూడకుండానే తల దించుకుని, “అయ్యో, అలాగా అండీ… చెప్పనండి, నేనెందుకు చెప్తానండి” అని రెండడుగులు పక్కకి జరిగాడు. అతను అలా ఎందుకు జరిగాడో నాకు అప్పుడు తట్టలేదు. అప్పటికి పక్క ప్లాట్‌ఫారం మీదకి బండి వస్తోంది.

డాక్టరమ్మకి యాభై ఏళ్ళు ఉంటాయి. నలగని తెల్ల చీర, ముక్కు మీద కళ్ళజోడు. నా తువాలు విప్పించి, చిన్న పటకారుతో దూది లాగింది. లాగుతూనే ఉంది. లోపలెక్కడో పాతది కూడా ఉండిపోయిందట. తర్వాత గరాటా లాంటి దానితో చెవిలోకి లైటు వేసి చూసింది.

“ఏం పోశారమ్మా ఇందులో?”

“వెల్లుల్లి నూనె అండి” అంది అమ్మ.

“ఆవాలు, ఎండుమిరపకాయ కూడా వెయ్యకపోయారా? తాలింపు పూర్తయ్యేది.”

నాకు నవ్వొచ్చింది. నెల రోజుల తర్వాత నవ్వడం అదే. అమ్మకి రాలేదు.

గోరువెచ్చటి నీళ్ళు సిరంజితో కొట్టి రెండు చెవులూ కడిగింది. నల్లటి గులిమి, నూనె, దూది పీచు, అన్నీ కలిసి గిన్నెలో పడ్డాయి. ఆ తర్వాత బయట రిక్షా బెల్లు వినపడింది. ఎంత గట్టిగా వినపడిందో! ఉలిక్కిపడ్డాను. కానీ సన్న మోత అలాగే ఉంది, హోరూ ఉంది. అది చెబితే ఆవిడ నా కింది కనురెప్ప లాగి చూసింది. అమ్మని పిలిచి చూపించింది. “చూడండి, సున్నం కొట్టినట్టు లేదూ? ఎర్రగా ఉండాలి.” తర్వాత అడగడం మొదలుపెట్టింది. పురుడు ఇంట్లోనా, ఆసుపత్రిలోనా? రక్తం ఎక్కువ పోయిందా? జ్వరం వచ్చిందా? ఏం మాత్రలు వేసుకున్నావు?

రక్తం చాలా పోయిందన్నాను. రెండో వారంలో చలిజ్వరం వస్తే కాంపౌండరు చేదు మాత్రలు ఇచ్చాడని చెప్పాను. “క్వినైనా? దానికి కూడా చెవులు మోగుతాయి. ఇప్పుడు వేసుకోవట్లేదుగా, సరే” అంది. తర్వాత ఇనప కడ్డీ ఒకటి, రెండు కొమ్ములున్నది, బల్లకి కొట్టి చెవి దగ్గర పెట్టి, చెవి వెనక ఎముక మీద పెట్టి, ఎక్కడ బాగా వినపడుతోందని అడిగింది.

“అత్తగారిల్లు ఎక్కడ?”

“తెనాలండి. మిల్లు గోడ పక్కనే. మా ఆయన వడ్లు ఆడే హల్లరు దగ్గర పని చేస్తారండి.”

“ఎన్నాళ్ళు ఉన్నావు?”

“రెండున్నరేళ్ళండి. క్యారేజీ ఇవ్వడానికి లోపలికి కూడా వెళ్ళేదాన్నండి. వెళ్తే గంట సేపు అక్కడే కూర్చునేదాన్ని.” చిన్నగా నవ్వి, “కొత్తగా పెళ్ళైంది కదండీ” అని కూడా అన్నాను. అమ్మ నా కాలు తొక్కింది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి నెమ్మదిగా చెప్పింది. ఆ హోరు నా రక్తం చప్పుడేనట. ఒంట్లో రక్తం పల్చబడితే గుండె జోరుగా కొట్టుకుంటుంది, ఆ పారుదల నాకు చెవిలో వినపడుతోందట. రక్తం పడితే అది తగ్గాలి. సన్న మోత సంగతి మాత్రం ఇందువల్లేనని గట్టిగా చెప్పలేనంది. మిల్లు మోత వల్ల కావచ్చు, మాత్రల వల్ల కావచ్చు, గులిమి వల్ల కావచ్చు, దిగులువల్ల, నిద్రలేమివల్ల పెరిగి ఉండవచ్చు. “అది పోయినా పోవచ్చు, ఉండిపోయినా ఉండిపోవచ్చు. ఉంటే మాత్రం దాంతో పాటు బతకొచ్చు. నా మేనత్త ముప్ఫై ఏళ్ళు బతికింది” అంది.

నాకు ఆ ముప్ఫై ఏళ్ళ మాట నచ్చలేదు. అయినా నాకు కావలసింది అది కాదు. “పిల్ల ఏడిస్తే నాకు వినపడుతుందాండీ?” అని అడిగాను.

ఆవిడ నన్ను గోడవైపు తిరిగి కూర్చోమంది. వెనక్కి నడిచిన చప్పుడు. తర్వాత గుసగుసగా ఒక మాట.

“నీ కూతురి పేరేంటి?”

“ఇంకా పెట్టలేదండి. మూడో నెలలో పెడతారండి.”

“విన్నారా?” అంది డాక్టరమ్మ, అమ్మతో. “చెవులు బానే ఉన్నాయి. మీరు కూరిన దూదికి వినపడలా.”

ఇనుము మాత్రలు రాసింది. తోటకూర, మునగాకు, కందిపప్పు, బెల్లం, వారానికి రెండుసార్లు మేక కాలేయం తినమంది. “బాలింతకి తోటకూరాండీ!” అంది అమ్మ, ఏదో విషం పేరు చెప్పినట్టు. “అవునమ్మా. చెవిలో పోసిన ఆ వెల్లుల్లి కూడా ఆ కూరలోనే వెయ్యండి” అంది ఆవిడ. చెవిలో పుల్లలు, పిన్నీసులు, నూనె, ఏమీ పెట్టొద్దంది. నిశ్శబ్దంగా ఉన్నచోట ఒక్కదాన్నే కూర్చోవద్దంది. గడియారమో, రేడియోనో, ఫ్యానో, ఏదో ఒక చిన్న చప్పుడు పక్కన ఉంటే చెవి ఆ మోత కోసం వెతుక్కోదట. పిల్ల పడుకున్నప్పుడల్లా నన్నూ పడుకోమంది. తల తిరిగినా, ఒక చెవి వినపడకుండా పోయినా వెంటనే రమ్మంది. చివర్లో లేచేటప్పుడు, “దూది పెట్టుకోవాల్సింది నీ మొగుడు, నువ్వు కాదు. మిల్లులో ఉన్నంతసేపూ పెట్టుకోమను, పూర్తిగా ఆపకపోయినా కాస్త నయం” అంది.

తిరుగు ప్రయాణంలో రైలు చప్పుడుకి మోత కలిసిపోయి వినపడలేదు. నిడుబ్రోలు దాటేవరకూ కిటికీకి తల ఆనించుకుని నిద్రపోయాను. నా జీవితంలో అంత మంచి నిద్ర లేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది.

వారం తిరక్కుండా, మధ్యాహ్నం బండికి మా అత్తగారు, మా ఆయన రేపల్లె దిగారు. చెప్పకుండా వచ్చారు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చింది. అత్తగారు నీళ్ళు ముట్టుకోలేదు. చేతిలో సంచీ కింద పెట్టలేదు. సంచీ పైనుంచి డబ్బా పాల డబ్బా, పాలసీసా రబ్బరు పీక కనపడుతున్నాయి. నా పాలు తాగే పిల్లకి ఆ డబ్బా ఎందుకు?

మా అత్తగారు చెడ్డ మనిషి కాదు. మిల్లు పక్కన ముప్ఫై ఏళ్ళు ఉండి గట్టిగా మాట్లాడటం అలవాటైన మనిషి, అంతే. ఆ రోజు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగింది.

“ఏమ్మాయ్… నేనెవర్ని?”

నాకు అర్థం కాలేదు. “మా అత్తయ్యండి” అన్నాను.

“నువ్వెవరు?”

“మీ కోడల్నండి.”

ఆవిడ మా ఆయన వైపు చూసింది. మా ఆయన నేల చూస్తున్నాడు. మళ్ళీ నాతో, “నీకేమన్నా వినపడతందా?” అంది.

ఓహో, చెవి సంగతి తెలిసిపోయింది, ఇక దాచి లాభం లేదు, డాక్టరమ్మ భయం లేదనే చెప్పింది కదా అనుకున్నాను. “వినపడతందండి. ఎప్పుడూ వినపడతానే ఉంటది” అని ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. “ఏమంటది?”

“ఏమీ అనదండి. ఊరికే గుయ్యిమంటది.”

“ఎప్పుడొచ్చింది?”

“పురుడొచ్చిన పదో రోజునండి.”

“ఎక్కణ్ణించి వచ్చింది?”

“మన మిల్లులోంచేనంటండి. డాక్టరమ్మ చెప్పింది.”

“మన మిల్లులోంచా!” అని సంచీ జారవిడిచి, గుండె మీద చెయ్యేసుకుంది. “ఓరి నాయనో, ఇరవై మంది పని చేస్తున్నారురా అక్కడ!”

అప్పుడు మా ఆయన తలెత్తాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత అమ్మని, తర్వాత వాళ్ళమ్మని. “ఉండు అమ్మా. గుయ్యిమనడం అంటే… మిల్లు ఆపాక చెవిలో మోగుద్దే, అదా?”

“అదేనండి. అదెప్పుడూ ఉంటది నాకు” అన్నాను.

“అది నాకూ ఉంది” అన్నాడు.

“ఏంటి ఉంది?” అంది అత్తగారు.

“ఆ మోత. నాలుగేళ్ళ నించీ ఉంది. ఆదివారం మిల్లు కట్టేస్తే పొద్దస్తమానం మోగుద్ది.”

“నీక్కూడా సోకిందా నాయనా!” అని ఆవిడ అరుగు మీద కూలబడింది.

అసలు సంగతి బయటికి రావడానికి ఇంకో పావుగంట పట్టింది. ప్లాట్‌ఫారం మీద మా అమ్మ ‘గాలి చేరింది, బాపట్లలో చూపిస్తాం’ అంటే, ఆ ముఠా మనిషి రెండు రోజులు దాచుకుని, దాచుకోలేక, ‘కోడలుగారికి గాలి చేరిందంటండి, మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళారు’ అని మిల్లులో చెప్పాడు. మంత్రగాణ్ణి అతనే చేర్చాడో, మిల్లు నుంచి ఇంటికి వచ్చేలోపు ఇంకెవరు చేర్చారో తెలీదు. అమ్మ నెత్తి కొట్టుకుంది. “నేనన్నది చెవిలో గాలి, వదినగారూ! చెవిలో! సోకే గాలి కాదు!” మాత్రల సీసా తెచ్చి చూపించింది. డాక్టరమ్మ కాయితం చూపించింది. అత్తగారికి చదువు రాదు గానీ కాయితం మీద ముద్ర చూసి కాస్త నెమ్మదించింది.

మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంక గట్టెక్కామనుకున్నాను. అత్తగారు నవ్వలేదు.

“గాలి కాదన్నావు, సరే. రక్తం తక్కువన్నావు, సరే. మరి పిల్ల గుక్క పట్టి ఏడుస్తుంటే ఈ పిల్లకి వినపడలేదంటగా?”

అది అమ్మే ఇందాక, సంగతులన్నీ చెప్పే ఊపులో, నోరు జారి చెప్పేసింది. దూది గురించి చెప్పబోయి.

“దూది వల్లండి అది” అన్నాను.

“దూదో, దూలమో. వినపడలేదా లేదా? రేపు ఏ నీళ్ళ తొట్టి దగ్గరో, పొయ్యి దగ్గరో ఏడిస్తే? నేను తప్పు మాట అంటం లేదమ్మాయ్. నువ్వు బాగుపడు. రెండు నెలలు పిల్లని నా దగ్గర ఉంచుకుంటా. తర్వాత నీ పిల్ల నీకే.”

ఆవిడ అన్నది కోపంతో కాదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. కోపంగా అంటే పోట్లాడేదాన్ని. ఆ వీధిలో ‘పిన్నీ’ అని పిలిచే పిల్ల మొహం కళ్ళముందు కనపడింది. ఆ పిల్ల నాన్నమ్మ కూడా రెండు నెలలనే అనుంటుంది.

“నాకు వినపడుద్దండి” అన్నాను. “కావలిస్తే చూడండి. నేను పెరట్లో కూర్చుంటా. పిల్ల మీ దగ్గరే ఉండనివ్వండి. లేచి కిక్కురుమన్నా నేను వస్తా. రాకపోతే తీసుకెళ్ళండి.”

ఆ మాట ఎందుకన్నానో తెలీదు. నాకే నమ్మకం లేదు. మా ఆయన, “ఏంటే పందేలు!” అన్నాడు. అత్తగారు మాత్రం, “సరే, కూర్చో పో” అంది.

పెరట్లో చెక్క పీట మీద కూర్చున్నాను. పక్కింట్లో ఎవరో పిండి దంచుతున్నారు. పిట్టలు. రోడ్డు మీద బస్సు. వాటి మధ్య నా మోత. పిల్ల ముందు గదిలో పడుకుని ఉంది. నాకూ దానికీ మధ్య రెండు గోడలు. డాక్టరమ్మ ఆ మోత కోసం వెతక్కు అంది గానీ ఆ రోజు నేను వినాల్సింది దాని పక్కనుంచి, దాన్ని దాటుకుని. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. మూడుసార్లు ఏడుపు వినపడినట్టయి లేవబోయాను. మూడుసార్లూ అది కాకి, లేదా నా భయం. లేచి వెళ్ళి ఉంటే, లేని ఏడుపు వింటున్నానని ఓడిపోయేదాన్నే.

నాలుగోసారి మాత్రం ముందు రొమ్ములు సలిపి, పాలు చేపుకొచ్చి, రవిక తడిసింది. నాకు చెవికి వినపడిందో, ఒంటికి తెలిసిందో ఈరోజుకీ చెప్పలేను. లేచి పరుగెత్తాను. ముందు గదిలోకి వెళ్ళేటప్పటికి పిల్ల అప్పుడే పెదవి విరిచి, మూలుగుతోంది. ఇంకా ఏడుపు అందుకోలేదు. అత్తగారు దాని పక్కనే కూర్చుని ఉంది. నా మొహం చూసింది, రవిక చూసింది. జరిగి చోటిచ్చింది.

సాయంత్రం బండికి వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు మా ఆయన్ని పక్కకి పిలిచి, చెవుల్లో దూది పెట్టుకోమని చెప్పాను. “దూది పెట్టుకుంటే బెల్టు జారే చప్పుడు ఎలా తెలుస్తదే? చెవితోనేగా నా పనంతా” అన్నాడు. “మరి చెవులు పోతే?” అన్నాను. పిల్ల బుగ్గ మీద చిటికె వేసి వెళ్ళాడు. అత్తగారు పాల డబ్బాని తీసుకెళ్ళలేదు. అల్మరాలో పెట్టింది. “ఉండనియ్. వచ్చే నెల వస్తాను. అప్పటికి ఎలా ఉంటదో చూద్దాం” అంది. నాతో కాదు, అమ్మతో అంది.

ఇప్పుడు మా పిల్ల బడికి వెళ్తోంది. హోరు మూడు నెలలకి తగ్గింది. సన్న మోత ఉంది, ఇది రాస్తుంటే కూడా ఉంది. అప్పుడు మాత్రం ఏది ఉంటుందో ఏది పోతుందో నాకు తెలీదు. ఆ డబ్బా అల్మరాలో ఉందని ఒక్కటే తెలుసు.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు పొద్దున అమ్మ నీళ్ళు కాచి, శనగపిండి కలిపి, పిల్లకి నీళ్ళు పొయ్యడానికి నూనె గిన్నె పట్టుకుని వచ్చింది. అప్పటిదాకా నన్ను ఆ దరిదాపులకి రానిచ్చేది కాదు. నేను ముందే పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా తీసుకుని, కాళ్ళు చాపుకుని ఉన్నాను.

“నీకు రాదే, జారవిడుస్తావు” అంది.

“ఇలా ఇవ్వమ్మా.”

అమ్మ నూనె గిన్నె నా పక్కన పెట్టింది. తర్వాత పిల్లని తెచ్చి నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. పిల్ల ఎలాగూ గోల చేస్తుందని తెలుసు. బోర్లా తిప్పి, వీపు మీద నూనె రాసి, నీళ్ళ వేడి మోచేత్తో చూసుకుని, మొదటి చెంబు పోశాను. అది ఏడుపు అందుకుంది. నేను పోస్తూనే ఉన్నాను.